ఆఖరి మెట్టు

"ఎక్కు," అంది అక్క.

షెడ్డు గోడకు ఆనించిన పసుపురంగు నిచ్చెన వైపు తమ్ముడు తలెత్తి చూశాడు. ఇద్దరు పనివాళ్ళు అప్పుడే దాన్ని మోసుకొచ్చి నిలబెట్టి, చెమట తుడుచుకుంటూ బయటికి వెళ్ళారు. వాకిట్లో అలాంటివే రెండొందల పసుపురంగు నిచ్చెనలు ఎక్కించుకున్న లారీ ఇంజను ఆపకుండా కాచుకుని ఉంది.

"ఇప్పుడా? లారీ బయలుదేరాలక్కా."

"నాన్న డెబ్బయ్యో ఏట కూడా ఎక్కాడు. యజమాని ఆఖరి మెట్టు మీద నిలబడి చూడకుండా ఈ షెడ్డులోంచి సరుకు కదల్లేదు. ఇప్పుడు యజమానివి నువ్వు."

తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మెట్టంటే పైకి కనబడేది బోలు గొట్టమే. బరువు మోసేది దాని లోపలుండే ఇనుప కడ్డీ. ఎలాగూ కనబడదు కదా అని ఈ పెద్దమనిషి ఈసారి కడ్డీలు ఎత్తేయించాడు. నిన్న ఒక మెట్టు కోసి చూసేదాకా అక్కకు ఆ సంగతి తెలియదు. అప్పటినుంచి ఆమెకు ఒళ్ళు మండిపోతూనే ఉంది.

"కడ్డీ లేకపోయినా ఆగుతుందక్కా. పదిమంది ఎక్కితే తొమ్మిదిమందికి ఏమీ కాదు."

"పదోవాడికి?"

తమ్ముడు లారీ వైపు చూశాడు.

"గోడలకి రంగేసుకు బతికేవాడు మనల్ని నమ్మి ఎక్కుతాడురా. వాడు పడితే వాడి పెళ్ళాంపిల్లలకి నీ లాభం చూపిస్తావా?" ఆమె వేలెత్తి నిచ్చెన చూపించింది. గోటి చివర పసుపురంగు అంటుకుని ఉంది. "ఎక్కు."

"ఇదే ఎందుకు?"

"ఏదైతేనేం? నీకు అన్నీ ఒకటేగా."

తమ్ముడు చెప్పులు విడిచి ఎక్కాడు. మొదటి మెట్టు. రెండోది. మూడోదాని మీద కాలు పెట్టగానే నిచ్చెన కిర్రుమంది. రెండు చేతులతో దాన్ని కరుచుకుపోయాడు.

"నేను పడితే నీకేం బాధ లేదా అక్కా?"

"పడతావని నీకెందుకనిపించింది?"

అతను కాలి కింది మెట్టు వైపు చూశాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు సరిపోయే మెట్టు తన పాదం కిందికొచ్చేసరికి సరిపోలేదు. మెల్లగా దిగిపోయాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"సరుకు దింపించెయ్," అన్నాడు నేల చూపులు చూస్తూ. "కడ్డీలు పెట్టించాకే పంపుదాం."

ఆ మాటకు కూడా అక్క కోపం చల్లారలేదు. అతను లారీ దగ్గరికి వెళ్ళేదాకా అలాగే చూస్తూ నిలబడింది. పనివాళ్ళు మళ్ళీ లోపలికొచ్చారు.

"ఇదెక్కడ పెట్టమంటారమ్మా?"

"ఎక్కడ తీశారో అక్కడే. నాన్న గదిలో."

పైన పసుపురంగు కొత్తదే అయినా, నాన్న నాటి ఆ నిచ్చెన ప్రతి మెట్టులోనూ కడ్డీ ఉంది.