మిరప కోతలయ్యాక

"మాబూబీ, కనిగిరి నుంచి మీ అక్కొచ్చిందే!" అని కేకేసింది పిచ్చాసుపత్రి ఆయా.

ఆయేషా ఆమెకి అక్క కాదు, గుంటూరులో విలేకరి. బంధువులైతేనే లోపలికి రానిస్తారని, ఏళ్ళ తరబడి ఎవరూ చూడ్డానికి రాని మనిషి పేరు కనుక్కుని మరీ వచ్చింది.

మాబూబీ కాలు గొలుసుతో కిటికీ ఊచకి కట్టేసి ఉంది. చీలమండ పుండు పడింది. ఆయా అటు తిరగ్గానే ఆయేషా సంచిలో ఉన్న కెమెరా నొక్కింది.

"మీ అక్కేనా?" ఆయా అడిగింది.

మాబూబీ ఆయేషాని చాలాసేపు చూసింది. "అక్కే," అంది.

ఆయా సంబరంగా గొలుసు తాళం తీసింది. "తీసుకెళ్ళమ్మా, పుణ్యముంటుంది. ఇప్పుడు బాగానే ఉంటోంది. డాక్టరు గారికి నేను చెప్తాలే."

మాబూబీ చీర సర్దుకుని లేచి, ఆయేషా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నిజం చెబితే కెమెరా లాక్కుంటారు. లోపలి గదులు ఇంకా చూడనేలేదు.

"ఇప్పుడు కాదమ్మా," అంది ఆయేషా. "మిరప కోతలయ్యాక వచ్చి తీసుకెళ్తా."

మాబూబీ చెయ్యి వదిలేసింది. కిటికీ కింద కూర్చుని, తనే ఆయా ముందుకి కాలు చాపింది.

"మా అక్క కూడా ఇదే చెప్పి వెళ్ళింది," అంది, ఆయేషాకి మాత్రం వినబడేట్టు.