బాపును పిలిపించారు

"మీ నాయనకు ఫోన్ చేసినం సుమలతా. బస్సెక్కిండట. ఆయన వచ్చేలోపల నువ్వే ఆ ఫిర్యాదు వాపస్ తీసుకుంటే మంచిది," అన్నాడు ప్రిన్సిపాల్ హరిప్రసాద్.

జగిత్యాలలోని ఆ పీజీ కాలేజీలో సుమలత ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. ల్యాబ్‌లో సాయికుమార్ సారు నడుము మీద చెయ్యి వేశాడని, ప్రాజెక్టు మార్కులు కావాలంటే ఒక్కదాన్నే తన గదికి రమ్మన్నాడని రాసి, కింద సంతకం పెట్టి కాలేజీ ఫిర్యాదుల కమిటీకి ఇచ్చింది. ఇచ్చి పదకొండు రోజులు. ఇన్ని రోజుల్లో సారును ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడిగిందంతా ఆమెనే. ఏం డ్రెస్ వేసుకున్నవు, ఒక్కదానివే ఎందుకున్నవు, అప్పుడే ఒర్రి ఎవరినన్నా ఎందుకు పిలవలేదు?

ఇప్పుడిక తండ్రిని పిలిపించారు. ఇరవై రెండేళ్ల పిల్ల, ఓటేసిన పిల్ల, తన చేత్తో ఇచ్చిన కాగితానికి తండ్రి రావాలట! సాయికుమార్ సారుకూ తండ్రి ఉన్నాడు. ఆయనకు మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు.

"బాపును పిలవకుంటే బాగుండు గదా మేడం," అంది సుమలత, పక్కనే కూర్చున్న ఆ కమిటీ పెద్ద ప్రేమలత మేడంతో. "గీ ముచ్చట తెలిస్తే చదువు బంద్ జేపిస్తడు. రేపే సంబంధాలు చూస్తడు."

"గందుకే చెప్తున్న బిడ్డా. సంతకం పెట్టి పరీక్షలు రాసుకో. సారుతోని నేను మాట్లాడుత."

"మల్ల గదే ల్యాబ్‌కు పోవాల్నా మేడం?"

మేడం కిటికీ వైపు చూస్తూ పెన్ను ఆమె ముందుకు జరిపింది.

టేబుల్ మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. 'అపార్థం వల్ల ఫిర్యాదు చేశాను, వెనక్కి తీసుకుంటున్నాను.' సుమలత పెన్ను అందుకుంది. పెట్టేస్తే పీడ పోతుంది. ఇంకో ఆర్నెల్లు కళ్లు మూసుకుంటే డిగ్రీ చేతికొస్తుంది. కానీ చెయ్యి కదలలేదు. తప్పు చేసినవాడు క్లాసులో దర్జాగా పాఠం చెప్తుంటే తను అపార్థమని రాయాలా? ఒళ్లు మండిపోయింది.

అంతలో తలుపు తోసుకుని తండ్రి దేవయ్య వచ్చాడు. తాటిచెట్టు దిగి అలాగే బయలుదేరినట్టున్నాడు. కాళ్ల నిండా దుమ్ము, ఒంటి మీద కల్లు వాసన. హరిప్రసాద్ ముక్కు చిట్లించాడు.

"తాగొచ్చినవా ఏంది?"

"కల్లు గీసెటోన్ని సార్. తాగెటోన్ని గాదు."

కూర్చోమని ఎవరూ అనలేదు. ఆయనా కూర్చోలేదు.

"చూడు దేవయ్యా, ఆడపిల్ల తండ్రివని నీ మంచికే చెప్తున్న. నీ బిడ్డ మా సారు మీద గలీజు కాయిదం రాసింది. గిది బయట పడిందనుకో, సారుకేమైతది? మగోడు, దులుపుకొని పోతడు. నీ పిల్లను ఎవడు చేసుకుంటడు? మీ ఊరు కథలాపూర్ల నువ్వు తలెత్తుకొని తిరుగుతవా?"

దేవయ్య బిడ్డ వైపు తిరిగాడు. సుమలత తల వంచేసింది. కొడితే కొట్టనీ, వీళ్ల ముందు మాత్రం వద్దు దేవుడా అనుకుంది.

"నువ్వే రాసినవా బిడ్డా?"

"రాసిన బాపు."

"ఏ సారు?"

"సాయికుమార్ సారు."

దేవయ్య గోడకు చెయ్యి ఆనించాడు. తండ్రి ముఖం అంతగా మాడిపోవడం సుమలత ఎప్పుడూ చూడలేదు.

హరిప్రసాద్‌కు హుషారొచ్చింది. "పెద్దోనివి, నీకు సమజైతది. గీ కాయిదం మీద ఇద్దరు సంతకాలు పెట్టుండ్రి. మీరు మరిచిపోండ్రి, మేం మరిచిపోతం."

"పెట్టకుంటే సార్?"

"హాజరు సరిపోలేదని పరీక్షకు కూసోనియ్యరు. పిల్ల సంవత్సరం పోతది. గప్పుడు నన్నడగొద్దు."

"సరే సార్," అన్నాడు దేవయ్య.

సుమలత కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అయిపోయింది. చదువూ పోయింది, న్యాయమూ పోయింది.

"గాని ఒక తెల్లకాయిదం ఇయ్యుండ్రి," అన్నాడు దేవయ్య.

"తెల్లది ఎందుకయ్యా, టైపు చేసిందే ఉన్నది గదా?"

"నాకు కావాలె సార్."

పిల్లను చదువు మాన్పిస్తున్నానని రాసిస్తాడు కాబోలు, ఇంకా మంచిదే అనుకున్నాడు హరిప్రసాద్. నవ్వుకుంటూ ఒక కాగితం లాగి ఇచ్చాడు. దేవయ్య దాన్ని ప్రేమలత మేడం ముందు పెట్టి, తలుపు దగ్గరికి పోయి బయటికి పిలిచాడు.

"రా బిడ్డా, లోపటికి రా."

చంకలో పసిపిల్లతో ఒకామె లోపలికి వచ్చింది.

"అక్కా!" అంది సుమలత. కోరుట్లలో అత్తగారింట ఉండాల్సిన అక్క ఇక్కడికెందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. అక్కను చూడగానే ప్రేమలత మేడం ముఖం పాలిపోయింది.

"మా పెద్దబిడ్డ శ్రీజ, సార్. మీరు ఫోన్ల సారు మీద కాయిదమనంగనే గాడే అయ్యుంటడని అనుమానమొచ్చి, కోరుట్లల దిగి తోలుకచ్చిన," అన్నాడు దేవయ్య. "మూడేండ్ల కింద గిది గూడ గీ కాలేజీలనే చదివింది. గిసుంటి కాయిదమే రాసి గీ మేడంకే ఇచ్చింది, గదే సారు మీద. ఇజ్జత్ పోతదని గప్పుడు నేనే వాపస్ తెప్పించి చింపేసిన. గా తెల్లకాయిదం మీద ఇయ్యాల మల్ల రాస్తది."