తాత రాసిన షరతు

ఊరి బడిని చంపింది గోర్డన్ పేగల్ అని లైల్ బ్రెడెసన్ నలుగురిలో లేచి నిలబడి మరీ అన్నాడు.

బడి వ్యాయామశాలలో మడత కుర్చీల మీద సగం ఊరు కూర్చుని ఉంది. బడి బోర్డు సభ్యులు అప్పుడే చేతులెత్తి ఓటేశారు. జూన్‌తో బడి మూత.

“నీ ముగ్గురు పిల్లల్నీ, సర్కారే ఫీజు కట్టే వోచర్ మీద ప్రైవేటు బడికి పంపావు. నిన్ను చూసి ఇంకో ముప్పై మంది పోయారు. వాళ్ల తలకింతని విస్కాన్సిన్ సర్కారు ఇచ్చే డబ్బూ వాళ్లతోనే పోయింది. ఇంక మాకేం మిగిలిందిరా, ఈ బాస్కెట్‌బాల్ రింగా?”

గోర్డన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “మావాడు నాలుగో క్లాసుకొచ్చినా తన పేరు తప్ప చదవలేకపోయాడు. పిల్లల్లేనోడివి, నీకేం తెలుసు? నేను నలుగురికీ చెప్పే పంపాను. దొంగచాటుగా కాదు.”

“కూర్చో, లైల్,” అంది ముందు వరసలోంచి అతని అక్క మార్లిస్. పదకొండేళ్లుగా ఆ బడి ప్రిన్సిపాల్ ఆమే.

“నువ్వుండక్కా. నీ ఉద్యోగం పోతోందని నేను ఏడుస్తుంటే, వాణ్ణి వెనకేసుకొస్తావేంటి?”

లైల్ కోటు జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీశాడు. “ఈ నేల మా తాత ఇచ్చింది. సర్కారు బడి నడిచినన్నాళ్లే బడిది. ఆగిన రోజున, మా పొలం ఎవరు దున్నుతుంటే వాళ్లకి, అంటే నాకు, తిరిగి రావాలి. ఇదిగో, రాసి ఉంది. వోచర్ డబ్బు కోసం ఈ బిల్డింగు మీద ఎవరో కన్నేశారట. వాళ్లకి చెప్పండి, ఇక్కడ మొక్కజొన్న మొలుస్తుంది గానీ ప్రైవేటు బడి మొలవదని.”

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. మార్లిస్ చేతిసంచీ జిప్పు లాగి, మళ్లీ తీసింది.

బోర్డు గుమస్తా డోరీన్ కళ్లద్దాలు సర్దుకుంది. “ఆ షరతు మార్చిలోనే వదులుకున్నావు కదయ్యా. నోటరీ ముందు సంతకం పెట్టావు.”

“అది బడి పైకప్పు కోసం. షరతు ఉంటే బ్యాంకు అప్పివ్వదన్నారు. పిల్లల పుస్తకాల మీద వాన కారుతోందంటే పెట్టాను.”

“బోర్డు ఏ బ్యాంకునీ అప్పడగలేదే. ఎవరు చెప్పారు నీకు?”

“ఆ సంతకం పెట్టమని నేను మాత్రం చెప్పలేదు, లైల్,” అన్నాడు గోర్డన్ నెమ్మదిగా.

“నువ్వు చెబితే పెడతానా? మార్చిలో ఓ శుక్రవారం, ఊరి చేపల విందులో మా అక్క చెప్పింది. కాగితం కూడా తనే తెచ్చింది. చెప్పక్కా వీళ్లకి.”



డోరీన్ తరవాతి తీర్మానం చేతిలోకి తీసుకుంది. లైల్ వంక చూసి, చదివింది. “ఈ భవనం, దాని కింది నేల కొత్తగా వచ్చే ప్రైవేటు బడికి అమ్మకం. ఆ బడి తరఫున సంతకం, దాని యజమానురాలు మార్లిస్ బ్రెడెసన్. నాలుగున్నర ఎకరాలు, ఒక్క డాలరుకి.”