స్తంభం వెనక కుర్చీ

“తాతా, నీ చప్పట్లు నా పాటని చంపేస్తున్నాయి.”

ఆరాధన అయిపోయింది. పాటల నాయకుడు మైకు వైరు మోచేతికి చుట్టుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు ఆ మాట. వారమంతా రంగుల షాపులో డబ్బాలు కలిపే మనిషి. ఆదివారం మైకు పట్టుకుంటే మాత్రం అతణ్ణి పట్టలేం.

ఎదురుగా ముసలాయన నిలబడి ఉన్నాడు. మెడ దాకా గుండీలు పెట్టిన ఇస్త్రీ చొక్కా. ప్రతి ఆదివారం ముందు వరసలో, సరిగ్గా నాయకుడి ఎదురుగానే కూర్చుంటాడు.

“అందరూ కొట్టాక ఒక దెబ్బ ఆగి నువ్వు కొడతావు. పాట ఆగితే పక్కవాళ్లతో ముచ్చట్లు. కొత్తగా వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?”

వైరు చుట్టడం అయ్యాక నాయకుడు తలెత్తాడు. ముసలాయన నవ్వుతున్నాడు.

“ఇవాళ పాట బాగా వచ్చిందా బాబూ?”

పక్కన డ్రమ్ములు విప్పుతున్నవాడు కిసుక్కుమన్నాడు. “అన్నా, ఆలస్యం తాత నీకే చురక పెట్టాడు!”

నాయకుడికి ఒళ్లు మండింది. వేలెత్తి, హాలు చివర స్తంభం వెనకున్న కుర్చీ చూపించాడు.

ముసలాయన ఆ వేలి వంక చూశాడు. స్తంభం వంక చూశాడు. మళ్లీ నాయకుడి మొహం చూశాడు.

“సరే బాబూ.”

మూడు ఆదివారాలు స్తంభం వెనకే కూర్చున్నాడు. నాలుగో ఆదివారం కుర్చీ ఖాళీ.

ఎవరూ అడగలేదు. చప్పట్లన్నీ ఒక్క దెబ్బలా పడ్డాయి. నాయకుడికి ప్రాణం హాయిగా ఉంది.

నాలుగు నెలలు పోయాక పాస్టరుగారు పిలిచారు.

“తమ్ముడూ, రెండేళ్లలో మన సంఘం రెట్టింపయింది కదా. ఎలా చేశారో చెప్పమని చుట్టుపక్కల సంఘాలవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. శనివారం మీటింగు. ఆరాధన ఎలా నడపాలి, బయటివాళ్లని ఎలా తీసుకురావాలి, నువ్వే చెప్పాలి. పనికొచ్చే మాటలు చెప్పు, సోది వద్దు.”

“అలాగే అయ్యగారూ.”

“ఇంకో మాట. ఈ నాలుగు నెలల్లో కొత్త మొహం ఒక్కటీ కనపడలేదేం?”

“ఎండలు కదండీ.”

ఆ సాయంత్రమే నోట్సు రాయడానికి కూర్చున్నాడు. తెర మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి. మొదటి పాట అందరికీ తెలిసింది కావాలి. పాటకీ పాటకీ మధ్య ఉపన్యాసం వద్దు. రెండు పేజీలు నిండాయి.

భార్య బట్టలు మడతపెడుతూ తొంగి చూసింది.

“ఇన్ని రాశారు. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో అడిగారా?”

“చీటీల్లో రాశారుగా.”

“చదివారా?”

చదవలేదు. కొత్తగా వచ్చినవాళ్ల చేత చీటీ రాయించాలన్న ఆలోచన అతనిదే. ‘మిమ్మల్ని ఎవరు పిలిచారు?’ అన్న ప్రశ్న పెట్టిందీ అతనే. రాసిన చీటీలు మాత్రం రెండేళ్లుగా బీరువా మీద అట్టపెట్టెలో దుమ్ము తింటున్నాయి.

పెట్టె దించాడు. ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది.

“లిఫ్ట్ ఆయన... పెద్దాసుపత్రి లిఫ్ట్ ఆయన... మా అమ్మ పోయిన రోజు, లిఫ్ట్ నడిపే ఆయన... మళ్లీ లిఫ్ట్ ఆయనే. మీ పాటల సంగతి ఇంకా రాలేదండీ. ఉండండి, వెతుకుతున్నా.”

“చాల్లే ఎగతాళి.”

పెట్టె అడుగు దాకా చూశారు. పాటలు బాగుంటాయని వచ్చామన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకడు సొంత బావమరిది.

నాయకుడు నోట్సు మూసేశాడు. భార్య మొహం చూడలేకపోయాడు. ఎవరో ఆ లిఫ్ట్ ఆయన, ఎలాగైనా పట్టుకోవాలి. శనివారం స్టేజీ మీద తన కుర్చీలో కూర్చోబెట్టి, జనాన్ని ఎలా పిలవాలో ఆయన నోటే చెప్పించాలి అనుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడు. కొత్త లిఫ్టు. తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు.

గుమ్మం దగ్గర ఒకామె నేల తుడుస్తోంది.

“అమ్మా, ఈ లిఫ్టు నడిపే ఆయన లేరా?”

“బటన్లది వచ్చాక మనిషెందుకు సార్? పంపేసి రెండు నెలలైంది.”

“ఎక్కడుంటారు?”

“ఎవరికి తెలుసు? ఒంటరి మనిషి. గది ఖాళీ చేసి పోయాడు. ఎక్కడికని మేమూ అడగలేదు, మా బుద్ధి తగలెయ్య.”

“జనాన్ని చర్చికి పిలిచేవారట. ఏం చెప్పి పిలిచేవారు?”

ఆమె బకెట్లో గుడ్డ పిండింది.

“చెప్పేదేముంది సార్. పైనుంచి ఏడుస్తూ దిగినవాళ్లని సాయం అడిగేవాడు. ‘ఆదివారం నా పక్కన కూర్చుంటారా? పాట ఎలా ఉందో విని నాకు చెప్పాలి’ అని. పెద్దాయన అలా అడిగితే ఎవరు కాదంటారు?”

“విని చెప్పడమేంటి?”

“చెవులు బొత్తిగా వినపడవు కదా సార్. ఎన్నో అంతస్తో మేం వేళ్లతో చూపించేవాళ్లం. మన మొహం కనపడితే సగం మాట పట్టుకునేవాడు.”

నాయకుడు తన వేలి వంక చూసుకున్నాడు.

“మరి... చర్చికెళ్లడం మానేశారెందుకు?”

“నేనూ అడిగా సార్. ‘ఆ పాటలాయన చేతులు చూసే నేను చప్పట్లు కొట్టేది, ఇప్పుడు కూర్చోబెట్టిన చోటు నుంచి ఆ చేతులు కనపడవు’ అన్నాడు.”