హర్యానా బర్రె

కొండలయ్య హర్యానా ముఖం ఎన్నడూ చూడలేదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఉన్న పల్లెలే ఆయన హర్యానా.

తొంభైల్లో పాడి లోన్లు జోరుగా ఇస్తున్న కాలం అది. ఊళ్లో బర్రెనే కొత్తగా కొన్నట్టు చూపించి జనం లోను మింగేస్తున్నారని, లోను బర్రె బయటి రాష్ట్రానిదే అయ్యుండాలని రూలు పెట్టారు. సప్లయి చేసేవాడు బర్రె ఏ ఊళ్లో పుట్టిందో కాగితం పెట్టాలి. దాని చెవికి తన పేరూ, కింద రాష్ట్రం పేరూ కొట్టిన ఇత్తడి బిళ్ళ వేయాలి. ఆ సప్లయి కాంట్రాక్టు పట్టిన కొండలయ్య ఆత్మకూరు బస్టాండు వెనక బిళ్ళలు కొట్టించాడు, కాగితాలు రాయించాడు. కొమ్ములు కాస్త లోపలికి తిరిగి ఉంటే చాలు, ఏ పల్లె బర్రె అయినా ఆయన చేతిలో పడగానే హర్యానాలో పుట్టేసేది. అంతదూరం నుంచి రైలెక్కించి తేవడం బర్రెకూ అవస్థే గదా అనేవాడు.

రెబెకమ్మ బర్రె సంగతి చెప్పింది శీనయ్య. ఆయనా మొన్నమొన్నటిదాకా ఇదే వ్యాపారం చేసి, అచ్చిరాలేదని మానుకున్నవాడు. అనుమసముద్రంపేట దాటాక ఒక పల్లెలో రెబెకమ్మ అని ఒంటరి ముసలమ్మ ఉండాదని, ఆదివారం చర్చి తప్పదని, చచ్చినా అబద్ధమాడదని చెప్పి పంపాడు. కొండలయ్య పోయి చూశాడు. బర్రె నిగనిగలాడుతోంది. దూడ ఏదని అడిగితే, చచ్చిపోయింది నాయనా అని ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. పైకి అయ్యో పాపం అన్నాడు గానీ లోపల సంబరపడ్డాడు. దూడ ఉంటే దానికో కాగితం, దానికో బిళ్ళ, దానికీ హర్యానాలో ఓ పుట్టిల్లు వెతకాలి. ఎవడు పడతాడు ఆ చాకిరీ. అడిగిన డబ్బు ఇచ్చి తోలుకొచ్చాడు. బిళ్ళ వేయబోతే చెవికి ముందే చిల్లులున్నాయి. ఏ ముళ్లకంపలోనో చీరుకుని ఉంటుందనుకుని, ఉన్న చిల్లులోనే బిగించేశాడు.

తనిఖీ రోజు పొద్దున నీళ్లకు విప్పితే ఆ బర్రె మాయమైంది.

కొండలయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క బర్రె తప్పిందంటే కాంట్రాక్టు రద్దవుతుంది. మిగతా వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా తవ్వుతారు, ఆపైన జైలే. పశువుల డాక్టరు సుకుమారి బిళ్ళలు సరిచూసుకుని, బర్రె అన్నా చూపించు, పోలీసు కంప్లయింటు అన్నా చూపించు అంది. చేసేది లేక దొంగలు ఎత్తుకుపోయారని రాసిచ్చాడు. అందులోనూ ఊరుకోకుండా, హర్యానాలో పుట్టి పెరిగిన మేలుజాతి ముర్రా బర్రె అని రాయించాడు.

ఎస్సై చురుకైనవాడు. ఒంటరి బర్రె ఒకటి ఉదయగిరి రోడ్డున చకచకా పోవడం చూశామని టీకొట్టువాళ్లు చెప్పగానే డాక్టరమ్మనూ కొండలయ్యనూ జీపెక్కించాడు. అడుక్కో మనిషి దోవ చూపిస్తూ ఉంటే జీపు పోయి పోయి రెబెకమ్మ ఇంటి ముందు ఆగింది. బర్రె కొట్టం ముందు దర్జాగా పడుకుని నెమరేస్తోంది. చెవికి బిళ్ళ లేదు.

ఎవరిదమ్మా ఈ బర్రె అని ఎస్సై అడిగాడు.

"మాదే సార్. ఈ కొట్టంలోనే పుట్టింది," అంది రెబెకమ్మ. పక్కింటి హన్నమ్మ వచ్చి, పురుడు పోసింది నేనే అని సాక్ష్యం కూడా చెప్పింది.

"మరి చెవికి ఆ చిల్లులు ఏంది?"

"ఆడబిడ్డ గదా సార్. కమ్మలు పెడదామని కుట్టించినా."

ఎస్సై నవ్వు ఆపుకుంటూ కొండలయ్య వైపు తిరిగి, ఇది నీదేనా చూసుకోమన్నాడు. డాక్టరమ్మ కాగితాలు తెరిచి పట్టుకుంది.

కొండలయ్య బర్రెనూ ఆ కాగితాలనూ మార్చి మార్చి చూశాడు. నాదే అంటే, హర్యానా బర్రె ఈ కొట్టంలో ఎట్టా పుట్టిందని డాక్టరమ్మ అడుగుతుంది. ఈమె దగ్గరే కొన్నానంటే తన మెడకు తనే ఉరి తగిలించుకున్నట్టు. ఇంతలో బర్రె ఆయన్ని గుర్తుపట్టి, తవుడు తెచ్చాడేమోనని మోర చాచింది. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

"ఇది నాది కాదు సార్."

"సరిగ్గా చూసుకో."

"చూసినా సార్. దీని మొహమే నేనెన్నడూ చూళ్లా."

డాక్టరమ్మ కాగితాలు మూసేసింది. తాను బస్సుకు వస్తానని చెప్పి కొండలయ్య అక్కడే ఉండిపోయాడు. జీపు మలుపు తిరిగిందాకా ఆగి, ఏడుపు గొంతుతో అడిగాడు.

"ఏందవ్వా ఇది? డబ్బు తీసుకుంటివి, బర్రెనూ కట్టేసుకుంటివి. ఇదేమన్నా న్యాయమా?"

"నేనేమన్నా పిలిచినానా నాయనా? దాని బిడ్డ కోసం అది వచ్చింది," అంటూ రెబెకమ్మ వెనక గది తలుపు తీసింది.

చచ్చిపోయిన దూడ చెంగున గెంతుకుంటూ వచ్చి తల్లి పొదుగులో తల దూర్చింది. ఆ ఒక్క అబద్ధం ఆదివారం ప్రభువుకు చెప్పుకుంటాలే అని రెబెకమ్మ తాపీగా చెప్పి, ఆయన చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చింది. తర్వాత రొంటిన దోపుకున్న కొండలయ్య బిళ్ళను తీసి దూడ మెడలో దారానికి కట్టింది.

ఆ దారానికి ముందే రెండు బిళ్ళలు వేలాడుతున్నాయి. కొండలయ్య వంగి చూశాడు. రెండింటి మీదా కింద హర్యానా అనే ఉంది. పైన ఒకదాని మీద సంగంలో ఇదే వ్యాపారం చేసే షఫీక్ పేరు, రెండోదాని మీద, ఈ ముసలమ్మ చచ్చినా అబద్ధమాడదని చెప్పి పంపిన శీనయ్య పేరు.