డులూత్ దాకా

కొరీన్ డ్రయ్యర్‌లోంచి తీసిన వేడి బట్టలు మడత పెడుతోంది. ఎదురుగా బల్ల దగ్గర ఆమె భర్త లోవెల్, దూర ప్రయాణాల కోసం కొన్న తన మూడు చక్రాల బైకుకు వెనక సస్పెన్షన్, అంటే కుదుపులు ఆపే స్ప్రింగులు, మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఈ ఆలోచన కిందటి ఆగస్టులో మొదలైంది. ఇప్పుడు మే నెల.

“శుక్రవారంలోగా బైకు క్లబ్బుకి జూన్ ప్రయాణానికి పేర్లివ్వాలి,” అంది కొరీన్, ఒంటరి మేజోడుకు జత వెతుకుతూ. “స్ప్రింగులు మారిస్తే నేనొస్తాను. లేదంటే నీ పేరొక్కటే ఇచ్చుకో.”

“తొందరపడి తేల్చే విషయం కాదు కదా, బంగారం,” అన్నాడు లోవెల్.

తొందరపడ్డాడని అతన్ని ఎవరూ అనలేరు. ఇంటర్నెట్‌లో రెండు వందల మంది బైకు పెద్దల్ని సలహా అడిగాడు. సగం మంది గాలి సంచులున్న కొత్త సస్పెన్షన్ వేయించమన్నారు. సగం మంది సీటు మార్చమన్నారు. ఒకాయన భార్యను మార్చమన్నాడు. ఆ సలహా కింద లోవెల్ మెచ్చుకోలు గుర్తు పెట్టాడు. పొరపాటున వేలు తగిలిందని తర్వాత కొరీన్‌కి చెప్పాడు. రెండు వీధుల అవతల ఉండే స్నేహితుడు డ్వేన్ మాత్రం, ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన స్ప్రింగుల జోలికి పోవడం మహాపాపమన్నాడు. డ్వేన్‌దీ మూడు చక్రాల బండే కాబట్టి అతని మాటకు ఆ ఇంట్లో తిరుగులేదు.

పరీక్షలు కూడా జరిగాయి. వెనక సీటు మీద నీళ్ల గ్లాసు కట్టి లోవెల్ ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు. సగం నీళ్లు మిగిలాయి. అంటే స్ప్రింగులు బ్రహ్మాండంగా ఉన్నట్టేనని రాసుకున్నాడు. తర్వాత కొరీన్‌నే కూర్చోబెట్టుకుని, ప్రతి గుంతకూ నొప్పి పదికి ఎంతో చెప్పమన్నాడు. మొదటి గుంతకే ఆమె పదమూడంది. పరీక్షకు సహకరించలేదని అదీ రాసుకున్నాడు.

నిజానికి దీనికి పరీక్షలక్కర్లేదు. మినసోటా చలికాలం వెళ్తూ వెళ్తూ రోడ్లను దున్ని వెళ్తుంది. రెండు చక్రాల బండి గుంతను తప్పించుకుపోతుంది. మూడు చక్రాల బండికి ఏదో ఒక చక్రం దాంట్లో పడాల్సిందే. ముందు కూర్చున్న లోవెల్‌కు అది చిన్న కుదుపు. సరిగ్గా వెనక ఇరుసు మీద కూర్చున్న కొరీన్‌కు అది నడుములో మేకు.

క్లబ్బు ఏటా జూన్‌లో సుపీరియర్ సరస్సు చుట్టూ ఆరు రోజులు తిరిగొస్తుంది. ఆ సరస్సు అవతలి ఒడ్డు ఒక్కసారి చూడాలని కొరీన్ కోరిక. రెండేళ్లుగా ఆమె చూసింది మొదటి రోజు మజిలీ అయిన డులూత్‌లో బస్టాండును మాత్రమే. అక్కడికి చేరేసరికి నడుము పట్టేసేది, ఆమె దిగిపోయి ఇంటికి బస్సెక్కేది. రెండుసార్లూ లోవెల్ ఆమెను గట్టిగా పట్టుకుని, నువ్వు లేకపోతే అదేం ప్రయాణమని కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఐదు రోజుల పాటు, వేయించిన చేప పక్కన నవ్వుతున్న ఫోటోలు పంపాడు. అరవై ఆరేళ్ల నడుము ఇంకెన్ని జూన్‌లు చూస్తుందో కొరీన్‌కు తెలియదు.

లోవెల్ లేచి, కాస్త ప్రశాంతంగా ఆలోచించుకోవాలని పెరటి గరాజ్‌లోకి వెళ్లాడు. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక, కొరీన్ చేతిలోని తువ్వాలు పక్కన పెట్టి బైకుల దుకాణానికి ఫోన్ చేసింది. మెకానిక్ ఆమె చెప్పింది విని, సరిపడే సస్పెన్షన్ ఒకటి తయారుగా ఉందన్నాడు. రేపు పొద్దున తొమ్మిదికి బండి తెచ్చిస్తే సాయంత్రానికి తీసుకుపోవచ్చన్నాడు. కొరీన్ సరేనంది. తొమ్మిది నెలల నిర్ణయం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఆమెకు కోపం కూడా పోయింది. పాపం, మనిషికి తేల్చుకోవడం చేతకాదంతే అనుకుంది. రేపటి ఏర్పాటు సంగతి అతనికి వెంటనే చెప్పాలనిపించింది. గరాజ్‌లో రేడియో మోగుతుంటే కేకలు వినపడవు. ఆ క్లబ్బు ఇళ్లల్లో భర్తను భోజనానికి పిలవాలన్నా ఆడవాళ్లు హెల్మెట్ పెట్టుకుంటారు. హెల్మెట్లలో మైకూ స్పీకరూ ఉంటాయి. మైలు దూరంలోపు ఉన్న క్లబ్బు హెల్మెట్లన్నీ ఒకే లైనులో కలుస్తాయి. లోవెల్ ఆలోచించేటప్పుడు కదలని బండెక్కి, హెల్మెట్ పెట్టుకునే కూర్చుంటాడు.

కొరీన్ అల్మరాలోంచి తన హెల్మెట్ తీసి పెట్టుకుంది. మీట నొక్కి నోరు తెరిచేలోగా చెవిలో డ్వేన్ గొంతు వినిపించింది.

“మరి శుక్రవారం ఆవిడకి ఏం చెప్తావు?”

“ఇంకా ఆలోచిస్తున్నానని చెప్తాను,” అన్నాడు లోవెల్. “స్ప్రింగులు మార్చానంటే ఆరు రోజులూ వెనకాలే ఉంటుంది. ఇప్పుడైతే డులూత్ దాకానే కదా.”

“మరి నేను చెప్పిందేంటి? మా ఆవిడ మార్లిస్‌ని చూడు. మెడ పట్టేసి మూడేళ్లయింది, బండెక్కలేదు, ఇంట్లోనే ఉంటోంది. నా స్ప్రింగులు ఇంకా పాతవే బాబూ.”

ఇద్దరూ నవ్వుకున్నారు.

కొరీన్ తువ్వాళ్ల దొంతర సరిచేసింది. తర్వాత, హెల్మెట్ తీయకుండానే ముందు తలుపు తెరిచి, రెండు వీధుల అవతల ఇంట్లోనే ఉంటున్న మార్లిస్ దగ్గరికి బయల్దేరింది.