పాత చీర పీలిక

లారీ వెనక తలుపు దించగానే ఎండుటాకులు జలజలా రాలాయి.

నర్సరీ ఆమె ఒక అంటుమొక్కను తీసి గోటితో బెరడు గీరింది. లోపల పచ్చదనం లేదు. ఇంకొకటి గీరింది. అదీ అంతే.

ప్రతి మొక్కకూ అంటు దగ్గర నీలం గుడ్డ పీలిక ఉంది. తన పాత చీర చించి ఆమే కట్టింది. ఆమె ఎప్పుడూ అలాగే కడుతుంది.

కొంటానన్న తోట యజమాని ఒక్కసారి తొంగి చూశాడు.

"పొయ్యిలోకి పనికొస్తాయమ్మా," అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

రవాణా కంపెనీ మేనేజరు ఆఫీసులోంచి బయటికొస్తే ఆమె నిలదీసింది.

"మర్నాటికల్లా చేరుస్తామని రాసిచ్చారు. రెండు రోజులు ఆలస్యం చేశారు. నా నష్టం ఎవరిస్తారు?"

"వంతెన మీదికి నీళ్లొచ్చాయమ్మా. దానికి మేమేం చేస్తాం?"

"చినుకే పడలేదు, ఏ నీళ్లు?"

"ఎక్కడో పైన కురిసింది. ఏరు పొంగితే చట్టం కూడా మమ్మల్నేమీ అనదు. మావాడు తాగి పడుకుని ఆలస్యం చేసుంటే చెప్పు, పైసాతో సహా కడతాం."

తాళ్లు చుట్టుకుంటున్న డ్రైవరు తలెత్తాడు. మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు.

"ఆ కళ్లు చూస్తే తెలియట్లేదూ, ఎంత తాగాడో," అందామె.

డ్రైవరు మళ్లీ తాళ్ల మీదికి వంగాడు.

ఆమె ఆ మొక్కల మధ్యే కూలబడింది.

"ఇప్పుడు కౌలు ఎట్లా కట్టను? నేల ఖాళీ చేయమంటారు. పిల్లను తీసుకుని ఎక్కడికి పోను?"

డ్రైవరు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాడు. ఆమె చేత్తో నెట్టేసింది.

"ఆ నీళ్లేవో దారిలో వీటికి పోసుంటే బతికేవి."

ఆమె ఫిర్యాదు చేసింది. విచారణ రోజు మేనేజరు మళ్లీ వరద మాటే చెప్పాడు. అధికారి తల ఊపుతూ రాసుకున్నాడు.

"డ్రైవరేమంటాడు?" అడిగాడు అధికారి.

డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లొచ్చిన మాట నిజమే సార్. తెల్లారేసరికి దిగిపోయాయి. మిగతా బండ్లన్నీ వెళ్లిపోయాయి. నేనే తాగి పడుకున్నా."

మేనేజరు మొహం మాడిపోయింది. "ఏం కూతలురా అవి? నాకు ఫోన్లో అట్లా చెప్పలేదే?"

"ఉద్యోగం పోతుందని అబద్ధం చెప్పా సార్."

"మీ మనిషి తప్పు మీ తప్పే," అన్నాడు అధికారి. "ఆమె నష్టం కట్టండి."

బయట మేనేజరు చెయ్యి చాచాడు. డ్రైవరు బండి తాళాలు అందులో పెట్టాడు.

"ఇంకెవడు నిన్ను స్టీరింగ్ ముట్టనిస్తాడో నేనూ చూస్తా."

డ్రైవరు ఆమె దగ్గర ఆగాడు.

"నేల నిలబడుతుందా అమ్మా?"

"నీ నిద్ర తగలెయ్య. నా మొక్కల ఉసురు నీకు తగలకపోదు."

అతను సరేనన్నట్టు తలాడించి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె ఊరికి తిరిగి వెళ్లే బస్సు వంతెన దగ్గర టీకి ఆగింది.

టీ కొట్టు పక్కన, పాత డబ్బాలో ఒక అంటుమొక్క. కొత్త చిగుళ్లు. అంటు దగ్గర నీలం పీలిక.

"ఇది నీకెక్కడిది?" అని కొట్టామెను అడిగింది.

"ఒక లారీ డ్రైవరు ఇచ్చాడక్కా. ఏరు పొంగినప్పుడు నా బకెట్ ఇచ్చానని."

"తెల్లారేసరికి నీళ్లు దిగిపోయాయటగా?"

"ఎవరన్నారు? రెండు రోజులు ఒక్క బండి దాటితే ఒట్టు. పైన చూస్తే ఎండ నిప్పులు చెరిగింది."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"అతను తాగి పడుకోలేదూ?"

"ఆయనా? మిగతావాళ్లు లారీల కింద పడుకుంటే, ఆయన బావికీ బండికీ తిరుగుతూనే ఉన్నాడు. లారీ నిండా మొక్కలాయె, ఒక్కడు ఎన్నింటికని పోస్తాడు? కూర్చోవయ్యా అంటే, ఎవరో అమ్మ కట్టుకునే చీర చించి కట్టింది, ఎట్లా ఎండనిస్తాం అన్నాడు. నీళ్లు దిగేదాకా ఆ మనిషి కన్ను మూయలేదక్కా."